హుండీ నుంచి కార్డు దాకా: విదేశాల్లో తెలుగు యాత్రికుడి రొక్కం – ఫిల్మ్‌నగర్ నేపథ్యం

సంక్షిప్తసారం: తెలుగు సినిమా విదేశీ చిత్రీకరణలకు వెళ్లిన క్రమాన్ని కథా అవసరం, ప్రేక్షకాభిరుచి అనే కోణాల నుంచి చూడటం పరిపాటి. పరదేశంలో రొక్కం చేతికి అందే మార్గం ఎలా మారుతూ వచ్చిందన్న కోణం నుంచి ఆ క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బ్యాంకు కార్డు, ఏటీఎం యాత్రికుడికి స్వేచ్ఛనిచ్చాయన్న సాధారణాభిప్రాయాన్ని చట్టచరిత్రతో సరిపోల్చి చర్చిస్తుంది.

కీలకపదాలు: హుండీ, వట్టం, విదేశమారకం, ఫెరా, ఫెమా, ఆంధ్రా బ్యాంకు, ఏటీఎం, ఫిల్మ్‌నగర్, విదేశీ చిత్రీకరణ.

1. ప్రస్తావన

తెలుగు సినిమాలో విదేశాల ప్రసక్తి రాగానే విమర్శకుల దృష్టి పాటల మీదికి పోతుంది. మంచుకొండలు, తులిప్ తోటలు, నాయికానాయకుల దుస్తులు చర్చకు వస్తాయి. ఆ పాట తీసిన రోజున అరవైమంది మధ్యాహ్నభోజనానికి అక్కడి నాణెంలో డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది, ఆ జేబులోకి ఎవరి అనుమతితో చేరింది అన్న ప్రశ్న మాత్రం సాహిత్య, చలనచిత్ర పరిశోధనల్లో అరుదుగానే కనిపిస్తుంది. ఇది అప్రధానమైన ప్రశ్న కాదు. ఏ కాలంలో ఏ కథ విదేశంలో తీయగలిగారన్నది చాలావరకు దీని మీదే ఆధారపడింది.

ఈ విషయంలో ఒక వాడుక కథనం ఉంది. పూర్వం ప్రయాణికుడు నోట్ల కట్టల్ని నడుముకు కట్టుకొని భయపడుతూ తిరిగేవాడు; ప్లాస్టిక్ కార్డు వచ్చి ఆ భయం పోగొట్టింది; ఇప్పుడు ప్రపంచంలో ఏ వీధిలోనైనా గోడకున్న యంత్రం మన డబ్బు మనకిస్తుంది అన్నది దాని సారం. ఇందులో కాలక్రమం తలకిందులైంది. భారతీయుడి చేతికి కార్డు వచ్చిన తర్వాత చాలా ఏళ్లపాటు అది దేశం సరిహద్దు దాటలేదు. సరిహద్దును తెరిచినది చట్టం. యంత్రం ఆ తెరిచిన దారిలో నడిచింది. అనుమతి అన్న అంశం కూడా పూర్తిగా మాయం కాలేదు. కార్యాలయపు కిటికీ దగ్గర ఉండేది, కార్డు లోపలికి చేరింది.

2. షరాబు, వట్టం, కల్దారు

పరదేశంలో రొక్కం సమస్య తెలుగువారికి విమానంతో మొదలు కాలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లివచ్చి రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’లో దారిపొడుగునా మారుతూ పోయే నాణేల ప్రస్తావన ఉంది. ఒక సంస్థానం దాటితే రూపాయి పేరూ, విలువా రెండూ మారేవి. షరాబు దగ్గర మార్చుకోవాలి. అతనికి వట్టం ఇచ్చుకోవాలి. నాణెం మార్చినందుకు తీసుకునే ఈ తరుగునే నేటి బ్యాంకులు మార్కప్ అంటున్నాయి. పని మారలేదు, పేరు మారింది. ‘వట్టం’ మళ్లీ వాడుకలోకి వస్తే బ్యాంకు పట్టికల్లో దాక్కున్న రుసుము సామాన్యుడికి సులువుగా అర్థమయ్యేదేమో.

నాణేలు మోసుకువెళ్లే ప్రమాదాన్ని తప్పించిన సాధనం హుండీ. ఒక ఊళ్లో సాహుకారుకు రొక్కం కట్టి కాగితం రాయించుకుంటే, దూరపు ఊళ్లో అతని భాగస్వామి ఆ కాగితం చూసి రొక్కం ఇస్తాడు. చూపిన వెంటనే చెల్లేది దర్శనీ హుండీ. గడువు తీరాక చెల్లేది ముద్దతీ హుండీ. డబ్బు కదలదు, నమ్మకమే కదులుతుంది. నేటి ఏటీఎం చేసేదీ అదే. ఇవాళ తెలుగులో హుండీ అంటే దేవాలయంలో కానుకలు వేసే పెట్టె. డబ్బు తీసుకునే సాధనం పేరు డబ్బు వేసే సాధనానికి స్థిరపడటం అర్థవిపరిణామంలో ఆసక్తికరమైన ఉదాహరణ. దాని చర్చ ఇక్కడ అవసరం లేదు.

జూబ్లీహిల్స్ ప్రాంతానికి సంబంధించినంతవరకు ‘విదేశీ మారకం’ అనుభవం మరింత దగ్గరిది. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దానిని హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని హైదరాబాదులో కల్దారు అని పిలిచేవారు. రమారమి ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. 1918 చట్టంతో హైదరాబాదుకు సొంత కాగితపు నోట్లు కూడా వచ్చాయి. 1941లో స్థాపితమైన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ నాణెం నిర్వహణను చూసేది. అంటే హైదరాబాదు నుంచి బెజవాడకు రైలెక్కిన మనిషి సైతం డబ్బు మార్చుకోవలసి వచ్చేది. సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తర్వాత కూడా 1950ల దశకం చివరి దాకా ఈ సిక్కా వాడుకలో మిగిలింది. విచిత్రమేమంటే అదే తరంలో రంగూన్ వెళ్లిన ఉత్తరాంధ్ర కూలీకి ఈ బాధ లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. అక్కడా ఇక్కడా చెల్లేది ఒకే రూపాయి. సముద్రం దాటినా మారని నాణెం, కృష్ణ దాటితే మారేది. ‘విదేశం’ అన్నది దూరంతో కాక నాణెంతో నిర్ణయమయ్యే సందర్భం ఇది.

3. ఎనిమిది డాలర్ల కాలం

1939 సెప్టెంబరులో యుద్ధంతో పాటు భారతదేశంలో విదేశమారక నియంత్రణ వచ్చింది. తాత్కాలికంగా వచ్చిన ఆ ఏర్పాటు 1947 చట్టంతో స్థిరపడింది, 1973 నాటి విదేశమారక నియంత్రణ చట్టంతో, అంటే 1974 జనవరి 1 నుంచి అమలైన ‘ఫెరా’తో కఠినమైంది. ఫెరా కింద ఉల్లంఘన నేరం. నిర్దోషినని రుజువు చేసుకోవలసిన భారం చాలా సందర్భాల్లో నిందితుడి మీదే ఉండేది. విదేశయానానికి టికెట్ కొనాలన్నా ‘పి-ఫారం’ అనుమతి కావాలి. ఆ తరం ప్రయాణికులకు బాగా గుర్తున్న అంకె ఎనిమిది. 1970లలో సాధారణ ప్రయాణికుడు వెంట తీసుకువెళ్లగలిగినది ఎనిమిది డాలర్లు మాత్రమే. ఒక టాక్సీకి, ఒక పూట భోజనానికి కూడా అది చాలేది కాదు.

ఈ అంకె వెనుక ఉన్నది ప్రభుత్వ క్రౌర్యం కాదు, కొరత. చమురు, ఆహారధాన్యాలు, యంత్రాలు కొనడానికే చాలని డాలర్లను విహారయాత్రలకు ఇవ్వలేమన్నది ఆనాటి తర్కం. అయితే దాని ఫలితం యాత్రాస్వరూపం మీద పడింది. ఆ కాలంలో విదేశం వెళ్లగలిగినవాడు ప్రధానంగా అతిథి. ఆహ్వానించిన ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో, బంధువో ఖర్చు భరించాలి. అక్కినేని నాగేశ్వరరావు 1960లలో అమెరికా ప్రభుత్వ ఆహ్వానంపై ఆ దేశంలో పర్యటించి ‘నేను చూసిన అమెరికా’ రాశారు. తెలుగు తెరపై అగ్రస్థానంలో ఉన్న నటుడు, సొంత సంపాదన ఉన్నవాడు కూడా ఆనాడు ఆ దేశాన్ని అతిథిగానే చూశాడన్నది గమనించదగిన అంశం. ఆ కాలపు యాత్రారచనల్లో ఆతిథ్యానికి కృతజ్ఞతలు పుటలకొద్దీ కనిపించడాన్ని మర్యాదగా మాత్రమే చదవకూడదు. ఆ ఆతిథ్యం లేకపోతే యాత్రే లేదు.

చిత్రనిర్మాణానికి ఈ పరిమితి మరీ ఇరుకైనది. ఒక యాత్రికుడు బంధువుల ఇంట్లో తలదాచుకోగలడు. కెమెరా, దీపాలు, నటీనటులు, సాంకేతికబృందం కలిసిన యూనిట్‌కు అలా కుదరదు. అందుచేత 1970-80లలో తెలుగు సినిమా విదేశంలో నిలబడిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టదగినవి. కె. బాలచందర్ 1979లో తమిళ, తెలుగు భాషల్లో తీసిన కథ తెలుగులో ‘అందమైన అనుభవం’గా వచ్చింది; అది ఎక్కువభాగం సింగపూర్‌లో సాగుతుంది. 1987లో జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ అమెరికాలో చిత్రీకరించారు. ఈ రెండు చిత్రాల్లోనూ విదేశం పాటకు నేపథ్యం కాదు, కథకు స్థలం. అంత శ్రమపడి అనుమతులు తెచ్చుకొని వెళ్లినప్పుడు మూడు నిమిషాల పాట తీసుకొని తిరిగిరావడం గిట్టుబాటు కాదన్నది దీనికి ఒక కారణంగా చెప్పుకోవచ్చు. డబ్బు సులువుగా అందే కాలం వచ్చాకే విదేశం పాటకు అలంకారంగా మారింది. కథాంశ పరిణామాన్ని అభిరుచితో మాత్రమే వివరించే విమర్శ ఈ అంశాన్ని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ఆ రోజుల్లో అనుమతి పొందిన మొత్తాన్ని తీసుకువెళ్లే సాధనం ట్రావెలర్స్ చెక్కు. థామస్ కుక్ సంస్థ 1870లలో ప్రవేశపెట్టిన సర్క్యులర్ నోట్లు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1891లో తెచ్చిన చెక్కులు దీనికి మూలం. కొన్నప్పుడు ఒక సంతకం, మార్చేటప్పుడు ఎదురుగా మరో సంతకం. రెండూ కలిస్తేనే డబ్బు. చెక్కుల సంఖ్యల జాబితాను వేరే సంచిలో దాచుకుంటే, పోయినప్పుడు తిరిగి పొందవచ్చు. హుండీలో సాహుకారు రాత ప్రమాణం. ఇక్కడ యాత్రికుడి రాత ప్రమాణం. తర్వాత కార్డులో నాలుగంకెల రహస్యసంఖ్య ఆ స్థానాన్ని ఆక్రమించింది. చదువురాని యూనిట్ కార్మికుడికి సంతకం పెట్టడం కష్టం కావచ్చు. అంకెలు నొక్కడం అంత కష్టం కాదు. ఈ చిన్న తేడా వల్ల సాధనం విస్తృతి పెరిగింది.

4. కార్డు వచ్చింది, సరిహద్దు దాటలేదు

జూబ్లీహిల్స్ 1960లలో చల్లగళ్ల నరసింహం చొరవతో ఏర్పడిన గృహనిర్మాణ సహకారసంఘం ద్వారా రాళ్లగుట్టల మీద రూపుదిద్దుకున్న కాలనీ. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు, ఫిల్మ్ ఛాంబర్, ఫిల్మ్‌నగర్ సహకారసంఘం ఇళ్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. మద్రాసు నుంచి పరిశ్రమ ఇక్కడికి తరలిరావడం ఒక్కరోజులో జరిగినది కాదు, అది ఇరవై ఏళ్ల క్రమం. ఆ క్రమం సాగుతున్న దశకంలోనే, ఈ గుట్టలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, కార్డు చరిత్రలో ఒక ముఖ్యఘట్టం జరిగింది. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, హైదరాబాదు కేంద్రంగా 1981లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టింది. దేశంలో ఈ ప్రయత్నం చేసిన తొలి బ్యాంకుల్లో అది ఒకటి.

అయితే ఫెరా అమల్లో ఉన్న దేశంలో కార్డు అంటే రూపాయి కార్డే. ఆనాటి భారతీయ కార్డులపై అవి భారత్, నేపాల్‌లలో మాత్రమే చెల్లుతాయన్న సూచన ముద్రించి ఉండేది. లండన్ దుకాణంలో అది పనికిరాని ప్లాస్టిక్ ముక్క. ఏటీఎం కూడా అంతే. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు తొలి నగదు యంత్రాన్ని నెలకొల్పింది. దాని రూపకల్పనకు పేరుపడిన జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది షిల్లాంగ్‌లో. ఆ యంత్రం భారతదేశానికి వచ్చింది ఇరవై ఏళ్ల తర్వాత, 1987లో, ముంబైలోని హెచ్.ఎస్.బి.సి. శాఖకు. అప్పటికి విదేశాల్లో సిర్రస్, ప్లస్ వంటి అనుసంధాన వ్యవస్థలు పనిచేస్తున్నాయి. సాంకేతికంగా భారతీయుడి కార్డును వాటికి కలపడం అసాధ్యమేమీ కాదు. అడ్డుపడినది విదేశమారక చట్టం. కాలక్రమం తలకిందులైందని ప్రస్తావనలో అన్నది ఈ ఆధారంతోనే.

1991 సంక్షోభంలో బంగారం తాకట్టు పెట్టిన దేశం, మూడేళ్లకు 1994 ఆగస్టులో కరెంటు ఖాతాలో రూపాయి మార్పిడికి అంగీకరించింది. ఫెరా స్థానంలో ‘ఫెమా’ 2000 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ‘నియంత్రణ’ పోయి ‘నిర్వహణ’ వచ్చింది. ఉల్లంఘన క్రిమినల్ నేరం కాక జరిమానాతో తీరే విషయమైంది. ప్రైవేటు ప్రయాణానికి ఏడాదికి 5,000 డాలర్లు, తర్వాత 10,000 డాలర్లు; వ్యాపార ప్రయాణానికి 25,000 డాలర్లు అనుమతి లేకుండానే తీసుకోవచ్చు. 2004 ఫిబ్రవరిలో 25,000 డాలర్లతో మొదలైన సరళీకృత చెల్లింపుల పథకం 2007 నాటికి రెండు లక్షల డాలర్లకు పెరిగింది, రూపాయి పడిపోయిన 2013 ఆగస్టులో 75,000కు కుదించుకుపోయింది, 2015లో రెండున్నర లక్షలకు చేరింది. ప్రయాణపు ఖర్చు కూడా ఆ పథకంలోనే కలిసింది. ఎనిమిది నుంచి రెండున్నర లక్షలు. నలభై ఏళ్ల తేడా.

ఫెమా కింది 2000 నాటి కరెంటు ఖాతా నియమావళిలో రెండు అంశాలు ఫిల్మ్‌నగర్‌కు నేరుగా సంబంధించినవి. మొదటిది రెండో షెడ్యూలు. సాంస్కృతిక యాత్రలకు విదేశమారకం కావాలంటే కేంద్ర మానవవనరుల శాఖ ముందస్తు అనుమతి అవసరమని అందులో ఉంది. ప్రవాసాంధ్ర సంఘాల సభలకు కళాకారుల బృందాలు వెళ్లే సందర్భాల్లో ఈ నిబంధన పాత కాలపు నీడలా మిగిలింది. రెండోది 7వ నియమం. విదేశంలో ఉన్న వ్యక్తి తన ఖర్చులకు అంతర్జాతీయ క్రెడిట్ కార్డుతో చేసే చెల్లింపులను పరిమితుల లెక్క నుంచి అది మినహాయించింది. అదే వ్యక్తి డెబిట్ కార్డుతో డబ్బు తీస్తే లెక్కలోకి వచ్చేది; క్రెడిట్ కార్డు గీస్తే వచ్చేది కాదు. క్రెడిట్ కార్డు పొందగల ఆదాయవర్గానికి దొరికిన వెసులుబాటు ఇది. దాని పర్యవసానం తర్వాతి భాగంలో చర్చకు వస్తుంది.

యంత్రాల అనుసంధానంలో కూడా హైదరాబాదు పాత్ర ప్రత్యేకం. రిజర్వు బ్యాంకు 1996లో మాసబ్‌ట్యాంకు దగ్గర క్యాజిల్ హిల్స్‌లో బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐ.డి.ఆర్.బి.టి.ని స్థాపించింది. ఒక బ్యాంకు కార్డు మరో బ్యాంకు యంత్రంలో పనిచేసేలా కలిపే జాతీయ ఆర్థిక స్విచ్ 2004 ఆగస్టులో ఈ సంస్థ నిర్వహణలోనే మొదలైంది. 2009 డిసెంబరులో జాతీయ చెల్లింపుల సంస్థకు బదిలీ అయింది. సినిమాపై వెలువడే హైదరాబాదు నగరచరిత్రల్లో స్టూడియోలకు దక్కిన స్థలంలో వందో వంతు కూడా ఈ సంస్థకు దక్కకపోవడం ఒక లోటు.

5. యంత్రం ముందు

విదేశీ వీధిలో యంత్రంలో కార్డు పెట్టినప్పుడు జరిగేదాన్ని స్థూలంగా ఇలా చెప్పవచ్చు. యంత్రం స్వంతదారైన బ్యాంకు ఆ విన్నపాన్ని కార్డు నెట్‌వర్కుకు పంపుతుంది. నెట్‌వర్కు దాన్ని హైదరాబాదులో ఖాతా ఉన్న బ్యాంకుకు చేరవేస్తుంది. ఆ బ్యాంకు రహస్యసంఖ్య సరిచూసి, నిల్వ చూసి, ఆ కార్డుకు విదేశీ వాడకం తెరిచి ఉందో లేదో చూసి, అవునని చెబితే నోట్లు బయటకు వస్తాయి. అంతా కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. ఆ క్షణాల్లో వట్టం మూడుచోట్ల పడవచ్చు: యంత్రం స్వంతదారు రుసుము, సొంత బ్యాంకు మారకపు మార్కప్, నగదు తీసినందుకు స్థిరరుసుము. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ కూడా.

లెక్క కోసం యూరో వంద రూపాయలనుకుందాం. బార్సిలోనాలో 300 యూరోలు తీస్తే నెట్‌వర్కు రేటు ప్రకారం 30,000 రూపాయలు. బ్యాంకు మార్కప్ మూడున్నర శాతమైతే 1,050. దానిపై 18 శాతం జి.ఎస్.టి. 189. మొత్తం 31,239, స్థిరరుసుములు కాక. ఇంతలో యంత్రం తెరమీద ఒక ఉపకారం చేయబోతుంది: “మీ రూపాయల్లోనే లెక్క చూపమంటారా?” అని అడుగుతుంది. సొంత నాణెం పేరు కనబడగానే ప్రయాణికుడికి ప్రాణం లేచివస్తుంది, అవునంటాడు. ఆ మారకం రేటు నిర్ణయించేది ఇక నెట్‌వర్కు కాదు, యంత్రం స్వంతదారు. అతను యూరోకు 108 కడితే లెక్క 32,400. అలా రూపాయల్లో మార్చిన లావాదేవీల మీద కూడా విడిగా రుసుము వేసే బ్యాంకులున్నాయి. వద్దని స్థానిక నాణెంలోనే తీసుకోవడం మేలు. వీరాస్వామయ్య కాలంలో షరాబుతో బేరమాడే వీలుండేది. ఇక్కడ బేరానికి ఉన్న అవకాశం ఆ ఒక్క మీటే.

యూనిట్‌లో ఈ భారం అందరిమీదా ఒకేలా పడదు. నటుడి చేతిలో కార్డు, దాని వెనుక నిర్మాణసంస్థ ఖాతా. సహాయ దర్శకుడికి, లైట్‌మన్‌కు, మేకప్ సహాయకుడికి రోజువారీ బత్తా. బత్తా రొక్కంగా వస్తుంది. పంచేది ప్రొడక్షన్ మేనేజరు. ఒక వ్యక్తి ఒక ప్రయాణంలో విదేశీ నోట్ల రూపంలో తీసుకువెళ్లగలిగేది సాధారణంగా 3,000 డాలర్లే. మిగిలినది కార్డులోనో, ఇతర సాధనాల్లోనో ఉండాలి. అంచేత పెద్ద యూనిట్‌లో రొక్కం తరిగిపోయిన కొద్దీ యంత్రం అవసరం పెరుగుతుంది, ప్రతిసారీ పైన చెప్పిన వట్టం పడుతుంది. యంత్రం ఒక్కసారి ఇచ్చే మొత్తానికి పరిమితి ఉంటుంది కనుక స్థిరరుసుము పదేపదే చెల్లించాలి. కెమెరాకు, లెన్సులకు దేశాల మధ్య సుంకం లేకుండా తిరిగేందుకు కార్నే అనే పత్రం ఉంది. లైట్‌మన్ బత్తాకు అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. ఫిల్మ్‌నగర్ గుట్టమీది భవనాలకు, గుట్ట దిగువ బస్తీలకు, కృష్ణానగర్ గదులకు మధ్య ఉన్న తేడా మాడ్రిడ్‌లో కూడా వెంట వస్తుంది: ఒకరికి మారకం ఖర్చు సంస్థ పద్దులో కలిసిపోతుంది, మరొకరికి పిల్లల కోసం కొన్న బొమ్మ ధరలో కనిపిస్తుంది.

6. మీట ఎవరి చేతిలో

2020 జనవరి 15న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. కొత్తగా ఇచ్చే, మార్చి ఇచ్చే కార్డులన్నీ దేశంలోని ఏటీఎంలలో, దుకాణపు యంత్రాల్లో మాత్రమే పనిచేయాలి. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం ఖాతాదారు కోరుకుంటేనే తెరవాలి. మోసాల నివారణే దీని ఉద్దేశం, ఆ ఉద్దేశం సబబైనదే. కార్డును నకలు చేసి విదేశాల్లో డబ్బు కాజేసే ముఠాలకు ఇది గట్టి అడ్డు. ఉత్తర్వు అమలు 2020 మార్చి 16న మొదలైంది. జార్జియాలో చిత్రీకరణ చేస్తున్న ‘రాధేశ్యామ్’ యూనిట్ కోవిడ్ కారణంగా హైదరాబాదు తిరిగివచ్చింది కూడా ఆ నెలలోనే. ఆ తర్వాత చాలా నెలలు విదేశీ ప్రయాణమే లేదు కనుక ఈ మార్పును ఎవరూ గమనించలేదు. ప్రయాణాలు మళ్లీ మొదలయ్యాక, బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో మీట తిప్పడం వీసాతో సమానమైన విధి అయింది. మరిచిపోయినవాడు పరాయి ఊళ్లో అర్ధరాత్రి ఆ మీట తెరవాలంటే భారతీయ ఫోన్ నంబరుకు వచ్చే సంకేతసంఖ్య కావాలి. ఆ నంబరుకు రోమింగ్ కావాలి. ఒక తాళంచెవి ఇంకో పెట్టెలో ఉండటం లాంటిది ఇది.

2023 మే 16న ఆర్థికశాఖ 7వ నియమాన్ని తొలగించింది. విదేశంలో క్రెడిట్ కార్డుతో పెట్టే ఖర్చు కూడా రెండున్నర లక్షల డాలర్ల లెక్కలోకి వస్తుందని, దాని మీద మూలంలో వసూలుచేసే పన్ను 20 శాతం పడుతుందని దీని భావం. నిరసన రావడంతో మూడు రోజులకే ఏడు లక్షల రూపాయల లోపు కార్డు ఖర్చుకు మినహాయింపునిచ్చింది. జూన్ 28న క్రెడిట్ కార్డుల అంశాన్నే వాయిదా వేసింది. మిగతా సాధనాలకు మాత్రం పరిమితి దాటిన మొత్తంపై 20 శాతం రేటు 2023 అక్టోబరు 1 నుంచి అమలైంది. పన్ను తర్వాత సర్దుబాటు అవుతుంది కనుక నష్టం లేదన్న వాదన వినిపించింది. నిజమే, ఆదాయపు పన్ను లెక్క దాఖలు చేసేవారికి అది తిరిగివస్తుంది. డెబిట్ కార్డుకు ఇరవై ఏళ్లుగా ఉన్న లెక్క క్రెడిట్ కార్డుకు వర్తిస్తుందనగానే దేశమంతటా గగ్గోలు పుట్టడం మాత్రం ఆలోచించదగినది. ఎవరికి వెసులుబాటు పోతే అది వార్త అవుతుందో ఈ ఆరు వారాల చరిత్ర చూపుతుంది.

ఇదే కాలంలో దేశీయ నెట్‌వర్కు రూపే విదేశీ నెట్‌వర్కులతో ఒప్పందాలు చేసుకొని బయట అడుగుపెట్టింది. 2021లో భూటాన్‌లోను, 2024 ఫిబ్రవరిలో ప్యారిస్‌లోని ఐఫిల్ టవర్ దగ్గరా యూపీఐ చెల్లింపు మొదలైంది. నోటూ, కార్డూ రెండూ లేకుండా ఫోన్‌తోనే రూపాయల్లో చెల్లించే వీలు ఇది. దీని ప్రభావాన్ని అంచనా వేయడానికి ఇంకా సమయం పడుతుంది.

7. కీవ్, 2021-22

2021 ఆగస్టులో ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాటను కీవ్ నగరంలో, ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికారనివాసమైన మారీన్స్కీ సౌధం ముందు చిత్రీకరించారు. ఆ ఊళ్లో అప్పటికి కార్డులు, యంత్రాలు యూరప్‌లోని ఏ రాజధానిలో లాగైనా పనిచేస్తున్నాయి. ఆరు నెలలు గడిచాయి. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన రోజునే ఆ దేశపు జాతీయ బ్యాంకు ఒక తీర్మానం చేసింది: ఖాతాల నుంచి రోజుకు లక్ష హ్రివ్న్యాలకు మించి నగదు తీయరాదు, విదేశీ నోట్ల రూపంలో నగదు ఇవ్వరాదు, కార్డుతో చెల్లింపులకు మాత్రం పరిమితి లేదు. కాగితం మీద ఇది ఉదారమైన తీర్మానమే. వీధుల్లో ఏటీఎంల ముందు బారులు తీరారు. దుకాణాలు మూసివేసిన ఊళ్లో కార్డుకు పరిమితి లేకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. నోట్లు అయిపోయిన యంత్రం ముందు లక్ష హ్రివ్న్యాల హక్కూ అంతే. వారం పది రోజులకే, మార్చి మొదటివారంలో, వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు రష్యాలో తమ సేవల్ని నిలిపివేశాయి. యుద్ధానికి అటువైపు చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల కార్డులు కూడా దానితో పనిచేయడం మానేశాయి.

ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న వేలమంది భారతీయుల్లో తెలుగు రాష్ట్రాల విద్యార్థులు గణనీయంగా ఉన్నారు. వారిలో చాలామంది పోలండ్, హంగరీ, రుమేనియా సరిహద్దుల వైపు రైళ్లలోను, బస్సుల్లోను, కొంతదూరం కాలినడకనా కదిలారు. ఆ మూడు దేశాలు మూడూ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా ఏ ఒక్కదానిలోనూ యూరో నాణెం కాదు: జ్లోటీ, ఫోరింట్, లేయి. జేబులో మిగిలిన హ్రివ్న్యాలను మార్చేవారు దొరకడమే కష్టం. ఢిల్లీకి చేర్చిన విమానాలను ‘ఆపరేషన్ గంగ’ పేరుతో కేంద్రప్రభుత్వం నడిపింది. అక్కడ దిగినవారికి ఆంధ్ర, తెలంగాణ భవన్‌లలో వసతి, భోజనం సమకూర్చారు. స్వస్థలాలకు టికెట్లు రాష్ట్రప్రభుత్వాలే కొనిచ్చాయి. అరవై ఏళ్ల కిందట అమెరికా వెళ్లిన నటుడికి జరిగినట్టే, ఈ విద్యార్థులకు కూడా ఆ చివరి మజిలీలో రొక్కంతో పని పడలేదు.